ముందు ఎవరి పేరు

తాండూరు,
ఫిబ్రవరి 24, 2025

చెల్లె వైశాలికి,

అక్క దీవెనలు. నువ్వు, గిరీష్ మరిది, బిడ్డ నిఖిల క్షేమమని తలుస్తాను. మేము బాగానే ఉన్నాము.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. మా ఇంట్లో నేను ఫోన్ ఎత్తితే హాల్లో మా తోటికోడలు టీవీ గొంతు తగ్గిస్తుంది. పైగా నీ మీద నాకు కోపంగా ఉంది. ఫోన్‌లో అయితే నోరు జారుతుంది, కాగితమైతే చింపేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇప్పటికే రెండు చింపాను.

ధారూర్ పెళ్ళిలో, భోజనాల దగ్గర, అంతమంది ఆడవాళ్ళ ముందు నువ్వేమన్నావు? "మా ఆయన బ్యాంకుల ఏ డిపాజిట్ చేసినా నా పేరే ముందల రాయిస్తడు" అన్నావు. అని ఊరుకున్నావా? నా వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వావు. నా విస్తట్లో లడ్డు అట్లాగే ఉండిపోయింది.

కార్తీకంలో మీ బావకు గుండెలో నొప్పి వచ్చి హైదరాబాదు తీసుకెళ్ళిన సంగతి నీకు తెలుసు. మర్నాడు పొద్దున నేను తిరిగొచ్చి బ్యాంకుకు పోయిన సంగతి నీకు చెప్పలేదు. ఆయన పేరు మీద అన్ని డిపాజిట్లు ఉన్నాయి గదా అని ధైర్యంగా పోయాను. "అమ్మా, ఇందుల మీ పేరు ఏడ లేదు, సారు సంతకం గావాలె" అన్నారు. సారు ఐసీయూలో ఉన్నాడు, సంతకం ఎక్కడి నుంచి తేవాలి? ఇంటికొచ్చి ఆయన తమ్ముడి ముందు చెయ్యి చాచాను. ఇచ్చాడు, కాదనను. కానీ మా తోటికోడలు ఈ రోజుకీ వచ్చినవాళ్ళకల్లా "అక్క చేతుల పైస లేకుంటె మేమే ఆదుకున్నం" అని చెప్తుంది, మంచినీళ్ళు ఇచ్చినంత సులువుగా.

ముప్పై ఏళ్ళుగా ఆ పప్పు మిల్లు హమాలీలకు కూడా వండిపెట్టినదాన్ని నేను. ఆయన గుండెలో ఇప్పుడు స్టెంటు ఉంది. రేపు మళ్ళీ ఏదైనా అయితే మళ్ళీ చెయ్యి చాచవలసిందేనా? రాత్రింబవళ్ళు అదే నా ఫికరు. ఇక్కడ నా పేరు ఏ కాగితం మీదా లేదు, అక్కడ నీ పేరు అన్నిటి మీదా ముందుంది. కుళ్ళుగా ఉందే. నీ దగ్గర దాచి ఏం లాభం?

మరిదిని ఎట్లా ఒప్పించావో రాయి. మందేమైనా పెట్టావా? ఆ మందు పేరైనా చెప్పు.

నీ అక్క,
అనసూయ

* * *

వికారాబాద్,
మార్చి 6, 2025

అక్కకు దండాలు.

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ దుకాణంలో ఇచ్చాడు. మీ మరిది తెచ్చి, "మీ అక్కకు ఫోన్ రీచార్జికి పైసల్లేవా?" అన్నాడు. విప్పకుండానే ఇచ్చాడు లే, భయపడకు.

మందూ లేదు, మాకూ లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఇనుప సామాన్ల దుకాణం మీద వచ్చేదానికే ఆయనకు పన్ను గట్టిగా పడుతుంది. డిపాజిట్ ఆయన పేరుతో ఉంటే దాని వడ్డీ కూడా ఆ పైన చేరి, అందులో మూడోవంతు దాకా పన్నుకే పోతుంది. నాకు సంపాదన లేదు. అందుకని ఇద్దరి పేర్లతో డిపాజిట్ చేసి నా పేరు ముందు పెడతాడు. బ్యాంకు వాళ్ళు వడ్డీని ముందున్న పేరు మీద లెక్కవేస్తారు. నాకు పన్ను పడేంత ఆదాయం లేదని ఏడాది మొదట్లో ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే, వడ్డీలో కోత కూడా ఉండదు. గడువు తీరాక ఇద్దరిలో ఎవరు వెళ్ళి అడిగినా డబ్బు ఇస్తారు. ఒకరు లేకపోయినా రెండోవాళ్ళకు ఇస్తారు. నీకు కావలసింది అదే గదా.

ఇంతవరకూ లెక్క. కానీ అక్కా, లెక్క ఒక్కటే అయితే వాళ్ళమ్మ పేరు పెట్టుకోవచ్చు గదా! నా పేరే పెట్టాడు. "నువ్వే మా ఇంటి లక్ష్మివి" అన్నాడు. ఆ మాట నేను అడిగి అనిపించుకున్నది కాదు.

బావ కూడా మంచివాడే. అడిగే తీరులో అడగాలి అంతే. నువ్వు అడిగితే అప్పు వసూలుకు వచ్చినట్టు ఉంటుంది. కాస్త నవ్వుతూ అడిగి చూడు.

పెళ్ళిలో నిన్ను చూసి నవ్వలేదు. అట్లా అనిపిస్తే మాఫ్ చేయి.

నీ చెల్లె,
వైశాలి

* * *

తాండూరు,
ఏప్రిల్ 9, 2025

లక్ష్మీదేవికి, తాండూరులో ఉన్న పనిమనిషి రాయునది.

నవ్వుతూ అడగమన్నావు. ఉగాది నాడు కొత్త చీర కట్టుకుని, పచ్చడి గిన్నె చేతికిచ్చి, నవ్వుతూనే అడిగాను. మీ బావ గిన్నె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ పేరు ముందల ఎందుకే? నేనేమన్న పోయిన్నా?"

"పోవద్దనే అడుగుతున్న. మొన్న దవాఖానల ఉన్నప్పుడు నా గతేమైందో మీకు తెల్వదు" అన్నాను.

"తమ్ముడు ఇచ్చిండు గదా. మనోడే గదా."

"వైశాలి పేరు ముందల పెట్టలేదా గిరీష్ మరిది?"

"ఆడు పెండ్లాం కొంగు పట్టుకొని తిరుగుతడు. నన్ను గూడ తిరుగుమంటవా?"

అంతే, పండగ అయిపోయింది. వారం రోజులు ఆయన పప్పులో పోపు వేయలేదు. ఆయనకు ఆ తేడా తెలియలేదు.

ఇక అసలు సంగతి విను. పోయిన శుక్రవారం ఫోన్ మోగింది. మా మరిదిగారే, మీ ఆయన. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక మీ బావ పెన్సిల్ తీసుకుని పేపరు అంచున లెక్కలు వేశాడు. "అరే, వడ్డీ మీద నేను గింత పన్ను గడుతున్ననా!" అని తొడ చరుచుకున్నాడు. "కౌశిక్, మీ అమ్మ పాన్ కార్డు యాడున్నదో జూడు. డిపాజిట్లన్నీ ఆమె పేరు ముందల పెట్టి మళ్ళ జేద్దాం" అన్నాడు మా అబ్బాయితో.

ఇన్నాళ్ళు కాపురం చేసిన నేను నవ్వుతూ అడిగితే కాలేదు. పన్ను అనేసరికి అయిపోయింది. నవ్వొస్తుంది గానీ, ఆ పన్ను మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది. ఆయన నా గురించి ఎప్పుడైనా అట్లా తొడ చరుచుకున్నాడా?

మీ ఆయన చేత ఆ ఫోన్ చేయించింది నువ్వేనా? అయితే ఈ మేలు కూడా నీ ఖాతాలోనే రాసుకో. మురుకులు చేశాను. మిల్లు లారీ వికారాబాద్ వస్తుంటే డ్రైవర్ మల్లయ్య చేతికిచ్చి పంపుతున్నాను. నీకిష్టమని గట్టిగా కాల్చాను.

అనసూయ

* * *

వికారాబాద్,
ఏప్రిల్ 27, 2025

అక్కకు,

అవును, నేనే చేయించాను. నీ మొదటి ఉత్తరం చదివి మనసు ఆగక, ఆయన దుకాణం మూసి వచ్చాక బతిమాలాను. నీ కోసం చేస్తే కూడా తప్పేనా? చిన్నప్పటి నుంచి నీకు ఏది ఇచ్చినా ముందు వాసన చూస్తావు.

ఎట్లా అయితేనేం, నీ పేరు ముందుకు వస్తుంది గదా. పన్ను వల్ల వచ్చిందా, ప్రేమ వల్ల వచ్చిందా అని ఎందుకు గీకుతావు? రేపు అవసరమైతే బ్యాంకులో నీ సంతకం చెల్లుతుంది. అది చాలు అనుకో.

మురుకులు అందాయి. ఇరుగుపొరుగుకు పంచాను, అందరూ బాగున్నాయన్నారు. ఇక్కడ అనంతగిరి మీద చెట్లన్నీ ఎండిపోయాయి. నిఖిల పరీక్షలు నడుస్తున్నాయి, ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా లేదు. అందుకే ఎక్కువ రాయడం లేదు.

వైశాలి

* * *

తాండూరు,
జులై 3, 2025

వైశాలికి,

మురుకులు ఇరుగుపొరుగుకు పంచావా? అక్క చేసినవి ఒక్కటైనా నోట్లో వేసుకోలేదా? పేరు ముందున్నవాళ్ళకు మా తాండూరు మురుకులు ఆనవు లే.

నవ్వేదుంటే ఇప్పుడే నవ్వు. పోయిన సోమవారం ఒక డిపాజిట్ గడువు తీరింది. మీ బావకు మిల్లులో కంది లారీ దిగుతోంది. కాగితాల మీద తన సంతకాలు పెట్టి, "నువ్వు రాసి ఇచ్చి రా, నీ పేరు ముందల, నా పేరు ఎనుక, యాది పెట్టుకో" అని నన్నే పంపాడు. నేను పదో తరగతి చదివినదాన్ని గదా, ఆ మాత్రం రాయలేనా!

బ్యాంకులో నవనీత అని కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంది. బషీరాబాద్ వైపు పిల్ల, ఎదుటివాళ్ళతో కన్నడం కూడా మాట్లాడుతుంది. నన్ను కూర్చోబెట్టి పెన్ను ఇచ్చింది. పైన మొదటి గడి ఉంది. ఇన్ని నెలలుగా నేను ఏ గడి కోసం ఏడ్చానో ఆ గడి. పెన్ను పెట్టాను. చెయ్యి తనంతట తాను రాసుకుంటూ పోయింది. రాధాకిషన్ అని రాసింది. కింద గడిలో నా పేరు రాశాను.

నిజం చెప్తున్నాను, తెలిసి రాయలేదు. పెళ్ళి పత్రిక దగ్గర నుంచి నోము సంకల్పం దాకా ఏ రోజైనా మన పేరు ముందు చెప్పామా? ఆయన పేరు నోటితో పలకను, కానీ రాయాల్సి వస్తే ముందు అదే వస్తుంది. అమ్మ ఏమనేది? "మొగని కంటె ముందల నడిస్తె ఆయుష్షు తగ్గుతది" అనేది. ఆయన గుండెలో స్టెంటు పెట్టుకుని తిరుగుతున్నాడు. నా చేతికే భయం వేసినట్టుంది.

ఇంటికి వచ్చాక రసీదు చూసి మీ బావ కేకలు వేశాడు. "నీ పేరు ముందల, నీ పేరు ముందల అని ఉగాది నుంచి నా పానం దీస్తివి. తీరా పెన్నిస్తె నా పేరు రాసొస్తవా? ఏందే గిది?" అన్నాడు. మళ్ళీ మార్చాలంటే డిపాజిట్ విరగ్గొట్టాలట. కోత మళ్ళీ ఆయన మీదే పడుతుంది. తోటికోడలు వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుంది.

నీకు అంత ధైర్యం ఎక్కడిదే? మొగుడి పేరు వెనక పెట్టి నీ పేరు ముందు రాయడానికి చెయ్యి వణకలేదా? నాకైతే ఆ ధైర్యం లేదని తేలిపోయింది. అందుకే నిన్ను చూస్తే ఇంకా మంటగా ఉంది.

అనసూయ

* * *

వికారాబాద్,
జులై 21, 2025

అనసూయక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మొగుడి ఆయుష్షు తగ్గుతుందని తెలిసీ నా పేరు ముందు పెట్టుకున్నాననేగా నీ మాట? నీ మొగుడంటే నీకు ప్రాణం, నా మొగుడంటే నాకు లెక్క లేదు, అంతేగా?

నేను ఏ కాగితమూ రాయలేదు అక్కా. నీకు పెన్ను చేతికిచ్చి పంపారు. నాకు పెన్ను ఎవరూ ఇవ్వలేదు. అన్నీ ఆయనే నింపుతాడు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, రొట్టెలు చేసుకుంటుంటే తెచ్చి గోడకు ఆనించి పెట్టమంటాడు. పిండి చేతులతో పెట్టిన సంతకాలే అన్నీ. ఎన్ని బ్యాంకులో కూడా నాకు తెలియదు. చెయ్యి వణికేంత తీరిక కూడా నాకు ఉండదు.

ఇక నాకు రాయకు. నీ పేరు ముందుకు వస్తే అప్పుడు చెప్పు, వచ్చి హారతి పడతాను.

వైశాలి

* * *

తాండూరు,
సెప్టెంబర్ 18, 2025

వైశాలికి,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేని సంగతి జరిగింది.

ఆ డిపాజిట్ పేరు మార్చే విషయం అడుగుదామని మీ బావ నన్ను కూడా ఆడిటర్ ఏసుదాసు గారి దగ్గరికి తీసుకుపోయాడు. సంతకం అవసరం పడుతుందని తీసుకుపోయాడు, గౌరవానికి కాదు. ఏసుదాసు గారు అంతా విని అద్దాలు తుడుచుకున్నాడు.

"రాధాకిషన్ సేటూ, పేరు ముందల ఎనుక అనేది బ్యాంకు కోత కోసం చూస్కునేది. పన్నోళ్ళు అడిగేది వేరే. గీ పైసలు ఎవలియి?"

"నాయే. ఇంకెవలియి?" అన్నాడు మీ బావ.

"అయితే అమ్మ పేరు ముందల రాసినా, దేవుని పేరు ముందల రాసినా, వడ్డీ మీ లెక్కలనే కలుస్తది. మొగడు పెండ్లానికి ఉత్తగ ఇచ్చిన పైసల మీద వచ్చేది మొగని ఆదాయమే. అట్ల గాకుంట అమ్మ సొంత సొమ్ము ఉంటే, దాని వడ్డీ అమ్మది. అమ్మగారింటి నుంచి వచ్చిందేమన్న ఉన్నదా?"

నేను నేల చూపులు చూస్తున్నాను. లేదంటాడని నాకు తెలుసు. ఈయన బయట ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

"ఉన్నది" అన్నాడు.

బాపు పసుపు కుంకుమల కింద నాకిచ్చిన బషీరాబాద్ చేను సంగతి చెప్పాడు. కంది ధర పడిపోయి మిల్లు మూతపడే ఏడు, బీరయ్య వాళ్ళకు నేను సంతకం పెట్టి అమ్మిన సంగతి చెప్పాడు. "ఆ ఏడు మిల్లు నిలవడ్డదంటె ఈమె చేను పైసలతోనే. ఇన్నేండ్లు నడుపుకున్న, మళ్ళ ఇయ్యలె" అన్నాడు. పరాయి మనిషి ముందు అన్నాడు. నేను కొంగుతో ముఖం తుడుచుకుంటే ఏసుదాసు గారు మంచినీళ్ళు తెప్పించాడు.

రిజిస్ట్రేషన్ కాగితం నా పేరుతో ఉంది గనుక ఆ సొమ్మును మిల్లు నాకు తిరిగి ఇవ్వవచ్చట. ఇంటికి వచ్చాక ఇద్దరం వడ్డీ దగ్గర కొట్లాడుకున్నాం. ఆయన బ్యాంకు వడ్డీ అన్నాడు. నేను బజారు వడ్డీ అన్నాను. మిల్లులో ఎవరికైనా బ్యాంకు వడ్డీకి అప్పు దొరుకుతుందా? చివరికి మధ్యలో తెగింది. ఆ వడ్డీని ఈ ఏడు నా ఆదాయంగా చూపించి నేను రిటర్ను వేయాలట. నా పేరుతో ఆదాయమని ఒకటి వచ్చింది చెల్లె, ఈ వయసులో!

గిరీష్ మరిదికి చెప్పు. పేరు ముందు పెట్టగానే అయిపోదట, సొమ్ము ఎవరిదో చూస్తారట. ఇప్పుడు చెప్పు, మన ఇద్దరిలో ఎవరి పేరు ముందుంది?

అనసూయ

* * *

వికారాబాద్,
నవంబర్ 5, 2025

అక్కా,

నీ పేరే ముందుంది. హారతి పడతానన్నాను, పడుతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన కొద్ది రోజులకు నా పేరుతో స్పీడ్ పోస్టు వచ్చింది. ఇన్కమ్ టాక్స్ నుంచి. నాకు పెళ్ళయ్యాక నీ ఉత్తరాలు కాకుండా నా పేరుతో వచ్చిన మొదటి కవరు అదే. ఇన్ని బ్యాంకుల్లో మీకు ఇంత వడ్డీ వచ్చింది, పన్ను పడేంత ఆదాయం లేదని అన్నిచోట్లా సంతకం పెట్టి ఇచ్చారు, రిటర్ను ఎందుకు వేయలేదు అని అడిగారు. అంత వడ్డీ నాకు వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. ఇంతకు ముందు మెయిల్‌కు కూడా పంపారట. నా పాన్ మీద ఉన్న మెయిల్, ఫోన్ నంబరు రెండూ ఆయనవే.

అడిగితే, "నేను జూస్కుంట, నువ్వు పరేషాన్ గాకు. అంత నీ పేరు మీదనే ఉన్నది గదనే, ఇంకేం గావాలె నీకు?" అన్నాడు.

"అట్లయితే నా నోట్ల పండ్లకు అందుల్నుంచి ఇయ్యి" అన్నాను.

నీకు ఎన్నడూ చెప్పలేదు అక్కా. నిరుడు నాకు ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి, దవడ పళ్ళు కూడా కదులుతున్నాయి. కొత్తవి పెట్టించుకోవడానికి చాలా అవుతుందన్నాడు డాక్టరు. ధారూర్ పెళ్ళిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది అందుకే. నీ మురుకులు నమలలేక పంచాను. రెండు నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాను, రుచి పోలేదు. సిగ్గుతో నీకు చెప్పలేదు. నా పేరు ముందుందని అంతమందిలో గొప్పలు పోయి, పళ్ళకు డబ్బు లేదని ఏ ముఖంతో చెప్పను?

ఆయనేమన్నాడో తెలుసా? "డిపాజిట్ ఇరగ్గొడితె వడ్డీ పోతది. గీ వయసుల పండ్లెందుకు, ఎవలు జూస్తరు?" అన్నాడు.

మర్నాడు చీర మార్చుకుని నేనే బ్యాంకుకు పోయాను. ముందు పేరు నాదే గదా అని. గడువు తీరకముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలన్నారు. సేవింగ్స్ ఖాతా కార్డు ఆయన జేబులో ఉంటుంది. ఉత్త చేతులతో నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. పేరు నాది, పైసలు ఆయనవి, నోటీసు నాది.

బాపు నీకు చేను ఇచ్చాడు. నా పెళ్ళి నాటికి చేతిలో ఏమీ లేక గొలుసుతో సరిపెట్టాడు. అప్పటి నుంచి ఆ చేను మీద నాకు కుళ్ళు ఉంది, నీకు తెలియదు. నా గొలుసు కూడా దుకాణం పెట్టేటప్పుడే పోయింది. దాన్ని ఏ ఆడిటర్ ముందూ ఎవరూ ఉన్నదని అనలేదు. నీకు అన్నాడు. కేకలు వేసినా, పోపు తేడా తెలియకపోయినా, ఆ ఒక్క మాట నీకు అన్నాడు. నా కడుపు మండిపోతోంది అక్కా, ఏమనుకున్నా సరే.

వైశాలి

* * *

తాండూరు,
నవంబర్ 12, 2025

నా చెల్లె వైశాలికి,

నీ ఉత్తరం చదువుతూ, నోటీసు దగ్గరికి వచ్చేసరికి సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు, పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా సంతోషపడ్డాను. నీ పళ్ళ సంగతి దగ్గర ఆ సంతోషం చచ్చిపోయింది. ఆ ధారూర్ పెళ్ళి నుంచి నువ్వు నన్ను చూసి నవ్వావని ఎంతమందికి చెప్పానో! మురుకులు నానబెట్టుకుని తిన్నావా పిచ్చిదానా? చెప్తే మెత్తటి గరిజలు చేసి పంపేదాన్ని కాదా?

నోటీసుకు భయపడకు. మీ బావ గిరీష్ మరిదికి ఫోన్ చేశాడు. మరిది మొదట నువ్వెవరివి అడగడానికి అన్నట్టు మాట్లాడాడట. "అరే గిరీష్, కాగితం మీద ఉన్నది నా మరదలు పేరు. రేపు జవాబు చెప్పేది ఆమెనే. నువ్వు రాకుంటె నేనే తీస్కపోతా" అన్నాడు మా ఆయన. వచ్చే వారం గురువారం మీరిద్దరూ కాగితాలన్నీ తెచ్చి ఏసుదాసు గారికి చూపించాలి. మరిది డబ్బు మీద వడ్డీని మరిది లెక్కలోనే చూపించి, ఇన్నాళ్ళ బాకీ పన్ను ఆయనే కట్టాలి. కట్టేటప్పుడు ఆయన ముఖం నేను చూడాలి. నీ గొలుసు సంగతి అక్కడే నేను అడుగుతాను. ఉన్నదంటాడో లేదంటాడో నాకు తెలియదు. అడగడం మాత్రం అడుగుతాను.

ఇక నా సొమ్ము. మిల్లు నుంచి నా చేతికి వచ్చింది. మీ బావ పక్కన కూర్చుని, "మన ఇద్దరి పేర్ల మీద ఎయ్యి, నీ పేరే ముందల, ఈసారి నేనే రాస్త" అన్నాడు. ఏడాదిగా నేను కోరుకున్న మాట అదే. వినగానే మనసు గట్టిగానే ఊగింది. కానీ ఏసుదాసు గారిని ఒక మాట అడిగి ఉన్నాను. మొగుడు పెళ్ళానికి ఇస్తే అది మొగుడి లెక్కలోకే తిరిగి వస్తుందట. అక్క చెల్లెకు ఇస్తే మాత్రం అది చెల్లెదే అవుతుందట, దాని మీద పన్ను కూడా లేదట. సర్కారుకు అంత తెలివి ఉందని నాకు తెలియదు.

అందుకని నీ పేరూ నా పేరూ కలిపి ఖాతా తెరుస్తున్నాను. మీ బావ ముఖం వాడిపోయింది. "మరి నా పేరు?" అన్నాడు. రెండు పూటల నుంచి అలిగి పప్పు సరిగా తినడం లేదు. ఆ మిల్లు మనిషికి నా పక్కన తన పేరు లేదని కుళ్ళు! ఇంకో రెండు పూటలు అట్లాగే ఉండనీ, చూడ్డానికి బాగుంది.

సొమ్ములో సగం నీకిచ్చేస్తానని అనుకోకు, నేను అంత మంచిదాన్ని కాను. కొంత డిపాజిట్, కొంత సేవింగ్స్. సేవింగ్స్ కార్డు మాత్రం నీ పేరుతో ఇప్పిస్తాను, నీ చేతిలోనే ఉంటుంది. ఫోన్ నంబరు నిఖిలది ఇద్దాం. ముందు పళ్ళు పెట్టించుకో. ఎంతైందని అడగను, ఎందుకు తీశావని అడగను. ఒకవేళ అడిగితే నా మీద కేకలు వేయి.

గురువారం పొద్దున ప్యాసింజర్‌కు రా. పాన్, ఆధార్, రెండు ఫోటోలు తెచ్చుకో. ఫారం నేనే నింపుతాను. ఎవరి పేరు ముందు రాయాలా అని చాలా ఆలోచించాను. ఇప్పుడు నీ పాన్ మీద నోటీసు ఉంది. నీ పేరు ముందు పెడితే ఈ వడ్డీ కూడా పోయి అందులో పడుతుంది, నీ నెత్తికి ఇంకో తలనొప్పి. లెక్క ప్రకారం నా పేరే ముందుండాలి, నీ పేరు తరవాత. వేరే దారి లేదు.

లెక్క కోసమే గానీ, చెల్లె, నాకు సంతోషంగానే ఉంది.

నీ అక్క,
అనసూయ